అండాలమ్మ పడవ కింద వేసిన పైపులు

ఎల్బీనగర్‌లో లారీ రేడియేటర్లు అతికే అండాలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పక్క షాపువాణ్ణి, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. తప్పు తనదైనా గొంతు తగ్గదు. ఈసారి తప్పు నిజంగా ఆమెదే.

ఆమె ఊరివాడు భిక్షపతి సాగర్ వెనకనీళ్లలో పడవ మీద జనాన్ని దాటిస్తాడు. దానికి పాత లారీ ఇంజన్ పెట్టించాడు. అలవాటు కొద్దీ ఆమె లారీ రేడియేటరే బిగించింది. రోడ్డు మీద లారీకి ఎదురుగాలి కొడుతుంది. చెక్క పెట్టెలో మూసిపెట్టిన ఇంజన్‌కు గాలెక్కడిది? మొదటిరోజే నీళ్లు మరిగి, పడవ ముప్పై మందితో నడినీళ్లలో ఆగిపోయింది.

వారం తిరక్కుండా భిక్షపతి వెంకట్రావును వెంటబెట్టుకుని షాపుకొచ్చాడు. కాకినాడలో పడవలు కట్టి, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన పెద్దమనిషి.

"నది నీళ్లే పంపుతో తోడి ఇంజన్లోకి పంపితే సరిపోద్ది" అన్నాడాయన.

"ఎండకాలం ఆడ ఉండేది బురద సార్" అంది అండాలమ్మ. "అది లోపటికి పోతే ఇంజన్ల నీళ్ల దారులన్ని పూడుకపోతయ్."

"రేడియేటర్లు అతికే మనిషివి, పడవ సంగతి నీకేం తెలుసమ్మా?"

నాకే ఒళ్లు మండింది.

"అక్కా, ఈ పని సారుకే ఇస్త. పరేషాన్ గాకు" అన్నాడు భిక్షపతి.

"ఇయ్యనియ్య! ముప్పై ఏండ్ల పేరు తమ్మీ, నీ పడవతోని ముంచుకోవాల్నా? చెడగొట్టింది నేను, బాగుచేసేది నేనే. ఆదివారం దాక ఆగు."

రేడియేటర్ పీకేసింది. పడవను ఒడ్డుకెక్కించి, అడుగున పొడవునా ఉండే దూలానికి రెండు పక్కలా ఇనుప పైపులు వేసి, కొసలు ఇంజన్‌కు కలిపింది. ఇంజన్లోని మంచినీళ్లు వేడెక్కి ఆ పైపుల్లోకి దిగుతాయి, బయట పారే నది వాటిని చల్లారుస్తుంది, అవే తిరిగి పైకొస్తాయి. బురద లోపలికి రాదు.

"రాయి తగిలితే పైపు పగిలిపోద్ది కదా?" అని, పని చూడ్డానికొచ్చిన వెంకట్రావు అడ్డుపడ్డాడు. మంచి ప్రశ్నే. ఆమె పైపుల ముందు ఇనుప రేకు వంచి వెల్డింగ్ చేసింది.

ఆదివారం మధ్యాహ్నం ముప్పై మంది బరువుకు సరిపడా ఇసుక బస్తాలు నింపించింది. వెంకట్రావునూ, వెంట వెళ్లిన నన్నూ ఎక్కించింది. గంట గడిచేసరికి వేడి చూపే ముల్లు కొంచెం పైకి జరిగింది.

"జర ఒడ్డుకు తిప్పుదాం అక్కా" అన్నాడు భిక్షపతి.

"తిప్పకు! పూర్తిగ గుంజు."

అతను యాక్సిలరేటర్ తాడు పూర్తిగా గుంజాడు. ముల్లు అక్కడే నిలబడింది. ఇంకో గంటకు కూడా కదల్లేదు. అండాలమ్మ వెంకట్రావు చెయ్యి పట్టుకుని, చల్లారిన నీళ్లు ఇంజన్‌కు తిరిగొచ్చే పైపు మీద పెట్టింది. పైపు కాలడం లేదు, ఆయన చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

"పైపు ఎంత పొడవు పెట్టారండీ?"

"చెప్త, రాసుకోండ్రి సార్. కింద నా పేరు గూడ రాయుండ్రి. అండాలమ్మ, ఎల్బీనగర్."