ముల్లు లేవని మధ్యాహ్నం

మొన్న మా మనవరాలు ఫోను ఛార్జరు నా మంచం మీద పడేసి పోయింది. కళ్ళజోడు పెట్టుకుని దాని వెనకున్న చీమలబారు అక్షరాలు చదివాను. నాకదో జబ్బు. నలభై దాటాక చదువొచ్చినదాన్ని, మందుబిళ్ళల అట్ట దగ్గర్నుంచి ఉప్పు ప్యాకెట్టు దాకా ఏదీ వదలను. ఛార్జరు మీద అయిదు వోల్టులని ఉంది. అయిదే. ఆ అయిదు నిలబెట్టలేకే ఒకప్పుడు మేం చితికిపోయాం.

తొంభైల్లో చోడవరం బస్టాండు వెనక రేకుల గదిలో మా ఆయన వీడియోగేము పెట్టె పెట్టాడు. బీరువా అంత చెక్క పెట్టె, అందులో టీవీ, ముందు రెండు కర్రలు, కొన్ని బొత్తాలు. రూపాయి బిళ్ళ వేస్తే ఇద్దరు బొమ్మ మనుషులు కొట్టుకునేవారు. విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన దాన్ని తెచ్చాడు. సరదాకి కాదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ క్రషింగు సీజన్లలో చెరుకు కట్టలు లారీలకెత్తి ఆయన నడుము పోయింది. ఇక బరువెత్తితే మంచం దిగవని డాక్టరు చెప్పేశాడు. కూర్చుని చేసే పని ఆయనకి ఇదొక్కటే తోచింది. "మనుషులు తన్నుకోడం సూడ్డానికి డబ్బులెవరిస్తారయ్యా, మన వీధి కుళాయి కాడ ఊరికే సూపిస్తారు" అన్నాను. నవ్వాడు. కుర్రాళ్ళు తెగ వచ్చారు, నా మాటే తప్పయింది.

పెట్టె రోగం పగటిపూట బయటపడింది. బుచ్చయ్యపేట వైపు తోటల్లో మోటార్లు వేయగానే మా గదిలో బల్బు బంతిపువ్వు రంగుకి దిగేది. బొమ్మ మనిషి సరిగ్గా గెలవబోయే సమయానికి తెర నల్లబడి ఆట మొదటికొచ్చేది. "బాబాయ్, నీ పెట్టికి ఫిట్లొస్తన్నాయేటి? పాస్టరుగారి సేత ప్రార్థన సేయించకపోయేవా" అని ఒక కాలేజీ కుర్రాడి ఎకసెక్కం. ప్రార్థన నిజంగానే చేయించాం, అది వేరే సంగతి. మా ఆయన ప్లగ్గు మార్చాడు, స్టెబిలైజరు తెచ్చాడు, పెట్టె లోపల ఆటని నడిపే బోర్డు పళ్ళని పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్దాడు. చివరికి రేడియోలు బాగుచేసే ముసలాయన మీటరు పెట్టి అసలు విషయం తేల్చాడు. గోడలోంచి వచ్చే కరెంటుని అయిదు వోల్టులకి దించే డబ్బా ఒకటి లోపలుంది. డబ్బా దగ్గర అయిదు ఉంటే, సన్న తీగల్లో పడి బోర్డుకి చేరేసరికి నాలుగున్నరే మిగులుతోంది. లావు తీగలు వేశారు. అయినా మోటార్లు నడిచేటప్పుడు కాస్త దిగుతూనే ఉండేది. అప్పుడు డబ్బా పక్కనున్న చిన్న మరని వెంట్రుకవాసి తిప్పాలి. ఎక్కువ తిప్పితే బోర్డు మాడిపోతుంది.

ఆ పని మా ఆయన నాకు నేర్పాడు. నాకప్పుడు అంకెలు రావు, నోట్లని రంగు చూసి పోల్చుకునేదాన్ని. అందుకని ముసలాయన దగ్గర కొన్న పాత మీటరు అద్దం మీద గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టాడు. మీటరు మధ్యనున్న తిప్పుడు బొత్తాం తనే సరిచేసి ఉంచేవాడు, దాని జోలికి నన్ను పోవద్దన్నాడు. "ఒసే, ముల్లు సుక్క కాడ నిలబడాల. దిగితే మర తిప్పు. కొంచివే. నీ నోరు తిప్పినట్టు కాదు." కొన్నాళ్ళు తప్పు లేకుండా చేశాను. కాస్త గీర కూడా వచ్చింది.

ఒకనాడు మధ్యాహ్నం ఆయన అదే మీటరుతో గోడ ప్లగ్గులో కరెంటు కొలిచాడు. ఎంత తక్కువొస్తోందో ఆ అంకె నోట్లో అనుకుంటూ, కరెంటాఫీసులో అర్జీ పెట్టి వస్తానని సైకిలెక్కాడు. కాసేపటికే పెట్టె ఆగింది. మీటరు తీగలు బోర్డుకి ఆనించాను. ముల్లు కదల్లేదు. మర కొంచెం తిప్పాను. లేవలేదు. ఇంకొంచెం తిప్పాను.

"పిన్నీ, ఆయనొచ్చీదాకా ఆగకపోయేవా" అన్నాడు కాలేజీ కుర్రాడు.

"నోర్ముయ్ రా, నాకు తెల్దేటి" అన్నాను.

తెర ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. పెట్టె వెనకనుంచి మాడు వాసన. కుర్రాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు.

మా ఆయన వచ్చాడు. నా చేతిలోంచి మీటరు తీసుకుని చాలాసేపు దాన్నే చూశాడు. పెట్టె వైపు చూడలేదు. "కరెంటొక్కసారి పెరిగిపోయుంటాది. నువ్వేటి సేస్తావు" అన్నాడు. మీటరుని తువ్వాల్లో చుట్టి ట్రంకులో పెట్టేశాడు. అలాంటి బోర్డు కోసం వైజాగంతా తిరిగాడు, దొరకలేదు. క్రషింగు మొదలవగానే మళ్ళీ చెరుకు కట్టల కిందకే వెళ్ళాడు. నాలుగు సీజన్లు మోశాడు. ఆ పై ఏడాది మంచం మీద గడిచింది. తర్వాత లేడు.

ఆయన పోయాక చర్చిలో పాస్టరమ్మగారు ఆడవాళ్ళకి మధ్యాహ్నాలు అక్షరాలు చెబుతుంటే వెళ్ళి కూర్చున్నాను. తెలుగొచ్చింది, అంకెలొచ్చాయి, పంతానికి ఇంగ్లీషు పెద్దక్షరాలూ పట్టుకున్నాను. ఒకరోజు దుప్పట్లకని ట్రంకు తెరిస్తే తువ్వాలు మూట కనపడింది. ఎర్ర చుక్క అలాగే ఉంది. మధ్యనున్న బొత్తాం మాత్రం గోడ కరెంటు కొలిచే వైపుంది. పక్కనున్న అంకె చదివాను. రెండువందల యాభై. అంత పెద్ద కరెంటు కొలిచే చోట పెడితే అయిదుకి ముల్లు ఎలా లేస్తుంది? నేను మర చివరిదాకా తిప్పినా లేవదు. గోడ కరెంటు కొలిచి, బొత్తాం వెనక్కి తిప్పడం మరిచిపోయి సైకిలెక్కాడు. వచ్చి చాలాసేపు చూసింది దాన్నే.

చదువురాని నన్ను కాశాడో, మరిచిపోయిన తనని కాచుకున్నాడో నాకు తెలియదు. మంచివైపే అనుకుందామని చూస్తాను. ఆయన మొండితనం తెలిసినదాన్ని, పూర్తిగా అనుకోలేను. అడిగితే చెప్పేవాడేమో.

"ఏటి సదూతన్నావు మామ్మా?" అంటూ మనవరాలు ఛార్జరు లాక్కుంది.

"అయిదు" అన్నాను. ఆ ఒక్క అంకె చదవడం నాకు చేతనయ్యేలోపు ఆయన కాలం అయిపోయింది.