లిల్లీ కాడలు

ఆసిఫాబాద్‌ల బస్సెక్కినప్పటి నుంచి నా కాళ్లు ఒక్క దగ్గర నిలువలే. మంచిర్యాల దవాఖానల మా చెల్లెకు కాన్పు కష్టమైతుందని కబురొచ్చింది. ఆ తర్వాత ఎవ్వరూ ఫోన్ ఎత్తుతలేరు. లేచి ముందుకు చూసుడు, కూసునుడు, మళ్ల ఫోన్ కొట్టుడు.

పక్క సీట్ల బురఖా వేసుకున్న ఒక పెద్దమ్మ ఒళ్లె లిల్లీ కాడలు పెట్టుకొని పూలు తెంపుతున్నది. నన్ను చూసి చూసి సగం కాడలు నా ఒళ్లె పెట్టింది.

"జర తెంపు బిడ్డా. కింద విచ్చుకున్నయి తియ్యి, పైన మొగ్గలు ముట్టకు."

"అన్నీ ఒక్కసారే ఎందుకు పూయవు పెద్దమ్మా?"

"ఒక్క కాడకే ఇన్ని పూలాయె. కింది నుంచి ఒక్కొక్కటే విచ్చుకుంటయి. తొందరపడి మొగ్గను చేత్తోని విప్పితే నల్లగైతది. నేను చేసి చూసిన," అని నవ్వింది.

ఫోన్ దిక్కు చూసుకుంట తెంపుతుంటే రెండు మొగ్గలు తెగినయి. ఆమె ఇంకో కాడ నా చేతికిచ్చింది. మంచిర్యాల దాంక తెంపుతనే ఉన్న.

ఎందుకు పోతున్నవని ఆమె ఒక్కసారి కూడా అడగలే. నేను దిగుతుంటే మాత్రం చెయ్యి పట్టుకొని, "ఫికర్ చెయ్యకు, దువా చేస్త," అన్నది.

తల్లీ బిడ్డా గండం దాటిండ్రు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని, ఇప్పటికీ ఆ బస్సెక్కితే సీట్లన్నీ చూస్త.