నాచారం గోదాంల బొట్టు పెట్టిన డబ్బాలు

మా గోదాంకొచ్చే కాయితాలు రెండు రకాలు. పారేస్తె రేపు ఏం మీదికొస్తదో అని భయపడి పంపేటియి, ఉంచుకుంటె యాడ పెట్టుకోవాలె అని విసుగొచ్చి పంపేటియి. రెండింటికి కిరాయి ఒక్కటే. పట్నం చెత్తంత జవహర్‌నగర్‌కు పోతది, పట్నం కాయితాలన్ని నాచారంకొస్తయి. తేడా ఏందంటె, చెత్తను మళ్ల ఎవ్వరు వాపస్ అడగరు.

ఉప్పల్‌ల బస్సు దిగి, షేర్ ఆటోల ఇరుక్కొని, మందుల కంపెనీల వాసన ముక్కుకు కొట్టిన కాడ దిగితె మా గోదాం. ముందుగాల అది దారం మిల్లంట. ఇప్పుడు కప్పు దాక ఇనుప ర్యాకులు, ర్యాకుల నిండ అట్టడబ్బాలు. బ్యాంకులయి, ఇన్సూరెన్సోళ్లయి, దవాఖానలయి. ఎవరి డబ్బాలు వాళ్లే సీలేసి పంపుతరు. లోపట ఏముందో మాకు తెల్వదు, తెల్వొద్దు గూడ. అడగకుండ సీల్ తీస్తె నౌకరీ పీకుతరు. ఎవరికన్న పాత ఫైలు కావాల్నంటె మెయిల్ పంపుతరు. నేను ముందు బల్ల కాడ కూసోని కంప్యూటర్ల సూసి డబ్బా నంబరు, అదున్న జాగ చెప్త. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అన్న పోయి దింపుతడు. ఇంతే మా బతుకు.

మా దగ్గర ఒక విచిత్రం ఉంది. ఏ డబ్బాకూ సొంత జాగ ఉండదు. ఖాళీ యాడ కనబడితె ఆడ పెట్టాలె, డబ్బా మీది లేబుల్‌ను ఒకసారి, ర్యాకు మీది లేబుల్‌ను ఒకసారి మెషిన్‌తోని టిక్కుమనిపియ్యాలె. ఇగ కంప్యూటరే యాదుంచుకుంటది. మా మేనేజర్ సార్ కోస్తా నుంచి వచ్చి నాగారంల ఇల్లు కట్టుకున్నోడు. మంచోడే, కాని భయస్తుడు. కస్టమర్లొస్తె వాళ్లను ర్యాకుల నడుమ తిప్పుకుంట, "మనుషులు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేని వ్యవస్థ అండీ మాది" అని గొప్పగ చెప్పేటోడు. గా మాటలైతె అబద్ధం లేదు. మా అందరి బుర్రలు మస్తు ఖాళీగుండేటియి.

ఆ ఏడు దసరాకు ముందటి రోజు ఆయుధపూజ. ఏటేట ఫోర్క్‌లిఫ్ట్‌కు గుమ్మడికాయ దిష్టి తీసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిచ్చి, స్కానర్లకు, తూకం మెషిన్‌కు, ఆఖరికి స్టేప్లర్లకు గూడ బొట్లు పెట్టేది. ఆ ఏడు మా ఫోర్క్‌లిఫ్ట్ అన్నకు కొత్త భక్తి పుట్టింది.

"మనకు బువ్వ పెట్టేది బండి కాదు, డబ్బా. డబ్బాకు బొట్టు లేకుంటె అదేం పూజ?" అన్నడు.

 సార్ గూడ "అదీ నిజమేనండీ" అని తల ఊపిండు. ఎవరన్న దేవుని ముచ్చట తీస్తె సార్ తల దానంతటదే ఊగుతది.

దవాఖాన వరుసతోని మొదలుపెట్టిన్రు. డబ్బాలన్ని కిందికి దింపి, దుమ్ము దులిపి, ర్యాకులు తుడిచి, మళ్ల పైకెక్కిచ్చిన్రు. ఏది ఏ అరల నుంచి తీసిన్రో ఎవ్వరు సూడలె. ఎందుకు సూడాలె? పండుగైనంక టిక్కుటిక్కుమని స్కాన్ కొట్టుకుంటె అయిపాయె. తర్వాత బొట్లు. డబ్బాకు మొఖం యాడుంటది? అట్టంత మట్టి రంగు, నడుమ తెల్లగ కనబడేది లేబులొక్కటే. నొసలు ఉండంగ బొట్టు వీపుకు పెడ్తరా? తడి పసుపుల మూడు వేళ్లు ముంచి లేబుల్ మీద అడ్డంగ గుంజిన్రు, పైన కుంకుమ అద్దిన్రు. నల్లగీతలున్న లేబుళ్లన్ని పచ్చగ, ఎర్రగ కళకళలాడినయి. అందరు ఫోటోలు దిగిన్రు.

నేను గూడ పసుపు గిన్నె అందుకోబోయిన. నా పక్క కుర్చీల పని చేసే పిల్ల, "నువ్వు కూసో అక్కా, నీకెందుకు తిప్పలు" అన్నది. తిప్పల సంగతి గాదు, అసలు సంగతి నాకు ఎర్కనే. మా ఆయన పోయిండు. మొగుడు పోయిన ఆడిదాని చెయ్యి ఓవర్‌టైం రిజిస్టర్ల పెట్టొచ్చు, ఆగిపోయిన ప్రింటర్ల పెట్టొచ్చు, పసుపు గిన్నెల మాత్రం పెట్టొద్దు. నాకు ఒళ్లు మండింది. మండితె ఏం చేస్త, పులిహోర రెండోసారి పెట్టిచ్చుకొని తిన్న.

పండుగైనంక మెషిన్లు తీసి స్కాన్ మొదలుపెడితె ఒక్క డబ్బా టిక్కుమనలె. అన్న బ్యాటరీ తప్పన్నడు. బ్యాటరీ మార్చిన్రు. మెషిన్ పాతదైందన్నడు. కొత్త మెషిన్ తెచ్చిన్రు. అది పక్క వరుసల బ్యాంకు డబ్బాలను మంచిగ సదివింది, దవాఖాన డబ్బా ముందట పెడితె నోరు మూసుకున్నది. అప్పుడు సార్ ఒక లేబుల్ దగ్గరికి మొఖం పెట్టి సూసి, మెల్లగ ఒక డబ్బా మీదనే కూలబడ్డడు. ఏ డబ్బా యాడుందో కంప్యూటర్‌కు తెల్వదు, మాకు తెల్వదు. లేబుళ్ల మీద నంబర్లు గూడ సగానికి సగం పసుపు కింద ఉన్నయి.

"ఎవరికీ చెప్పకండి, నెమ్మదిగా చూద్దాం" అన్నడు.

నెమ్మదిగ సూసేటంత టైం మాకు యాడిది? అదే పొద్దుగాల దవాఖాన నుంచి అర్జెంటని మెయిలొచ్చింది. పాత ఆపరేషన్ ఫైలొకటి కావాలె. సార్ ఒక గంట సేపు గోళ్లు కొరికి, "నాట్ ట్రేసబుల్" అని జవాబు రాయమన్నడు. మా ధంధాల ఇంతకు మించిన మాట లేదు. పోయిందని చెప్పినట్టు కాదు, ఉందని చెప్పినట్టు కాదు. మాకు చేతగాలేదన్న ముచ్చటకు సూటు బూటు తొడిగితె గట్ల తయారైతది. నేను టైపు చేసిన గని పంపలె. ఎందుకు పంపలేదంటె, గప్పుడే గేటు కాడ లొల్లి మొదలైంది.

వాచ్‌మన్ ఒక ఆడామెను ఆపుతున్నడు. నా ఈడుదే ఉంటది. నొసలు మీద బొట్టు లేదు, మెడల సన్న గొలుసుకు చిన్న శిలువ. దవాఖాన రికార్డు రూంల ఎవరో ఈమె బాధ సూడలేక మా అడ్రస్ చెప్పిన్రంట.

"అక్కా, మా ఆయన సెంట్రింగ్ పని చేస్తడు" అన్నది. "ఎనుకట కింద పడితె తొడల రాడ్డేసిన్రు. ఇప్పుడు లోపట చీము పట్టింది. రాడ్డు తీసెయ్యాలె అంటున్నరు. డాక్టర్ సాబ్ ఏమంటడంటె, ఏ కంపెనీ రాడ్డో, ఏ స్క్రూలో తెలిస్తెనే దానికి తగ్గ పానా తెప్పిస్త, తెల్వకుండ కోస్తె లోపట్నే ఇరిగిపోతది అంటుండు. అది పాత ఫైలులనే ఉందంట. రేపు తియ్యకుంటె చీము పైకెక్కుతది, ఇగ కాలే తీసెయ్యాల్సొస్తది అన్నడు."

ఆమె ఏడుస్తలేదు. ఏడ్సుడు అయిపోయినంక మనిషి గొంతు ఎట్ల ఎండిపోతదో గట్ల మాట్లాడింది. నేను చెయ్యి పట్టుకొని లోపటికి తోలుకొచ్చి కుర్చీల కూసోబెట్టిన. మెయిల్‌ల అడిగింది ఈమె మొగుని ఫైలే అని ఎర్కైంది.

సార్ గదిలోకి పోయి నిలబడ్డ. "కాలు పోతది సార్" అన్న.

"నాకు బాధ లేదనుకున్నారా? ఇప్పుడు లేబుళ్ల మీద బొట్లు పెట్టామని రాస్తే కాంట్రాక్టు ఉంటుందా? మనందరి ఉద్యోగాలూ పోతాయి."

"రాయొద్దు. తుడుద్దాం. ఆరిన పసుపు గుడ్డతోని రాలగొడితె కింద గీతలుంటయి గద."

ఇది చిన్న ముచ్చటే అనుకున్న. తుడుస్తె అయిపాయె. అందరం దవాఖాన వరుస కాడికి పోయినం. అన్న చేతిల గుడ్డ పెట్టిన. వాడు గుడ్డను సూసిండు, బొట్టును సూసిండు, గుడ్డ నాకే వాపస్ ఇచ్చిండు.

"పెట్టిన బొట్టు తుడుస్తరా అక్కా? అందుల దసరా బొట్టు. నా పెండ్లాం కడుపుతోటుంది."

నా పక్క కుర్చీ పిల్ల రెండు చేతులు ఎనకకు పెట్టుకున్నది. కిందటి మాఘంలనే దాని పెండ్లైంది. సార్ దిక్కు సూస్తె, "మా ఆవిడకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వదండీ" అన్నడు. ఎంబీయే చదివినోడు. ఇగ చుట్టూత ఉన్నోళ్లందరు, ఒకరిని సూసి ఒకరు, మెల్లమెల్లగ నా దిక్కే సూసుడు షురూ చేసిన్రు. బొట్టు తుడిస్తె ఏమన్నయితదని భయపడనీకి నాకు మొగుడు లేడాయె.

నాకు నిజంగనే కండ్లల్ల నీళ్లొచ్చినయి. కోపంతోని వచ్చినయి. "మొన్న నా చెయ్యి తగిలితె మైల, ఇయ్యాల నా చెయ్యి తగిలితెనే గోదాంకు మోక్షమా?" అన్న. "అందితె జుట్టు, అందకుంటె కాళ్లు. పొండ్రి, నేను తుడవ. మీ బొట్లు మీరే తుడుసుకోండ్రి."

కుర్చీల కూసోబెట్టిన ఆమె ఎప్పుడొచ్చిందో నా ఎనక నిలబడ్డది. "బొట్టు తుడుసుడుకా ఈ పంచాయితి?" అని నా చేతిల గుడ్డ తీసుకున్నది. "మేం చర్చికి పోయేటోళ్లం, మాకు ఆ పట్టింపు లేదు. నేను బొట్టు పెట్టుకోకున్నా నాకు గూడ మొగుడు కావాలె గద."

సార్, "బయటివాళ్లు ముట్టుకోకూడదండీ, రూల్" అనబోయిండు.

"రూల్ల పసుపు గూడ లేదు సార్" అన్న. సార్ పక్కకు జరిగిండు.

ఆమె కింది అర కాడ కూసోని తుడుసుడు మొదలుపెట్టింది. నేను ఒక నిమిషం బిర్రుగ నిలబడ్డ. తర్వాత నా పంతం నాకే సిగ్గనిపించింది. ఆమె మొగుని కాలు కోసం తుడుస్తుంటె నేను నా రోషం పట్టుకొని ఏం చేసుకుంట? కొంగు దోపి నేను గూడ కూసున్న. ఆమె రాలగొడుతది, నేను మెషిన్ పెడ్త. టిక్కుమంటె నంబర్ సూస్త, కాదంటె పక్కకు. అన్న బొట్టు ముట్టకుండ డబ్బాలైతె దింపిండు. అందరు మోసిన్రు. సార్ గూడ అంగి చేతులు మడిచి మోసిండు. పసుపు లేసి అందరం తుమ్ముతున్నం. ఆమె చేతులు మోచేతుల దాక పచ్చగైనయి.

పొద్దు తిరిగినంక ఒక డబ్బా నా ముందటికొచ్చింది. దాని మీద బొట్టు జర పైకి పడ్డది, కింద నంబరు సాఫ్‌గ కనబడుతుంది. నేను చెయ్యి ఆపిన.

"దొరికిందా?" అన్నది ఆమె.

"లేదు. ఇది మా ఆయనది."

మా ఆయన ఆ దవాఖానలనే పోయిండు. జ్వరమని పోయినోడు ఇంటికి రాలె. నౌకరీల చేరిన కొత్తల్ల ఆయన ఫైలు ఏ డబ్బాల ఉందో కంప్యూటర్ల సూసుకున్న. తెరిచి సూసే హక్కు నాకు లేదు, తెరిస్తె సదివే ధైర్యం గూడ లేదు. నంబరు మాత్రం నోటికొచ్చు. ఇదంత ఆమెకు చెప్పలె. ఆమె గుడ్డతోని ఆ డబ్బాను ముట్టకుండ పక్కనున్నదాన్ని తన దిక్కు గుంజుకున్నది.

ఆమెకు కావాల్సింది పైనుంచి రెండో అరల దొరికింది. టిక్కుమన్నంక నంబరు సదివి నేను "ఇదే" అంటె, ఆమె అక్కడ్నే నేల మీద కూసోని డబ్బాకు తల ఆనిచ్చింది. దవాఖాన మెయిల్ ఉంది కాబట్టి సార్ తన చేత్తోనే సీల్ తీసి ఫైలు బయటికి తీసిండు. రాడ్డు స్టిక్కర్లు ఒక కాయితం మీద వరుసగ అతికిచ్చి ఉన్నయి. కొరియర్‌కు ఇస్తె రేపైతదని సార్ తన కార్లనే బయలెల్లిండు, ఆమెను ఎనక సీట్ల కూసోబెట్టుకొని. సీటుకు పసుపు అంటిందని తర్వాత వారం రోజులు ఇంట్ల తిట్లు తిన్నడంట. తినాలె.

రాడ్డు తీసేసిన్రు. కాలు ఉంది. ఆమె ఫోన్ చేసి చెప్పింది, వెనక నుంచి ఆయన గొంతు గూడ వినబడ్డది, ఛాయ్ చల్లారుతుందని ఆమె మీద అరుస్తున్నడు. ఫోన్ పెట్టేసినంక నేను బాత్రూంల తలుపేసుకొని చాన సేపు ఏడ్చిన. సంతోషంతోని కొంత, ఆమె మీద కుళ్లుతోని కొంత. నా మీద ఛాయ్ కోసం అరిసే గొంతు లేదు గద.

తర్వాత ఒక్కటి తప్ప మిగిలిన డబ్బాలన్ని నేనే తుడిచిన, కొత్త లేబుళ్లు నేనే అతికిచ్చిన, అన్నీ మెషిన్‌కెక్కినయి. లెక్క సూసినప్పుడల్ల ఆ ఒక్క డబ్బా టిక్కుమనదు. అదెందుకు సదవట్లేదని సార్ ఒకసారి అడిగిండు. దానికి బొట్టు ఉంది సార్, ఉండనియ్యండి, దాని నంబరు నాకు నోటికొచ్చు, ఎవరన్న అడిగితె నేనే పోయి తెస్త అని చెప్పిన.