సుభద్రత్త చూసి చెప్పిన కారు

మా మేనత్త సుభద్రమ్మ పరమపదించిందన్న వార్త చిత్తూరు నుండి తిరుపతికి చేరేసరికి నేను కళాశాలలో పాఠం చెబుతున్నాను. నమ్మబుద్ధి కాలేదు. మొన్న మొన్ననే కదా మా ఇంటి ముందు ఆగిన టాక్సీ డ్రైవరును నిలబెట్టి, "ఇంజను కాగతా ఉండాది. నీళ్లు సూసుకోకుండా కొండకెట్ట పోతావప్పా?" అని మందలించి వెళ్లింది! అంతటి ప్రాణశక్తి ఇంత హఠాత్తుగా నిలిచిపోతుందని ఎవరు ఊహిస్తారు?

చిత్తూరు ప్రాంతంలో పాత కారు కొనదలచిన వారిలో అత్త పేరు వినని వారు అరుదు. వకీలు మామయ్యకు కారుండేది గాని, స్టీరింగు పట్టుకుంటే ఆయన చేతులు వణికేవి. కోర్టులో ఎంతటివారినైనా నిలదీసే మనిషి, ఎదురుగా లారీ వస్తే కళ్లు మూసుకునేవాడట! గత్యంతరం లేక అత్త నేర్చుకుంది. నేర్వడం నడపడంతో ఆగలేదు. డెబ్బైల నాటి చిత్తూరులో ఒక గృహిణి చీరకొంగు నడుముకు దోపి, గోనెపట్ట పరచుకుని కారు కింద దూరితే వీధి వీధంతా గుమికూడేది. నవ్విన ఆ జనమే కొన్నాళ్లకు తమ బండ్లు తెచ్చి ఆమె గుమ్మం ముందు నిలిపారు. మామయ్యను చూడవచ్చామని చెప్పుకునేవారు పాపం. కాఫీ తాగుతున్నంతసేపూ చూపులన్నీ అత్త వైపే. ఆమె మేనకోడలినని చెప్పుకోవడం నాకు ఈనాటికీ గర్వకారణం.

వాహనాల విషయంలో ఆమెవి నిశ్చితాభిప్రాయాలు. అంబాసిడరంటే అపారగౌరవం. "గేదె మాదిరి. మెల్లగా పోతాది, బురదలో గూడా పోతాది" అనేది. జీపు పొలానికి తప్ప పెళ్లికి పనికిరాదని తీర్పు. తలుపు విసిరికొట్టే మనిషి వాడిన బండి కొనవద్దనేది. తలుపు మీద దయలేనివాడికి ఇంజను మీద ఉంటుందా అని ఆమె తర్కం. ఏ కారునైనా మొదట తలుపు మెల్లగా మూసి, ఆ చప్పుడును చెవియొగ్గి వినేది. చివరకు ఆమె తీర్పు రెండే మాటలు: బాగుండాది, లేదా బాగలేదు.

కొత్త బండికి తిరుపతిలో పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మన ఆచారం. మా పెదనాయన కొడుకు అలా బయలుదేరబోతే అత్త అడ్డంగా నిలబడింది. "ముందు బ్రేకు తొక్కి సూపించు. నిమ్మకాయ ఆపైన తొక్కిద్దువు గాని." దైవభక్తి లేక కాదు, శనివారం ఉపవాసం తప్పని ఇల్లాలు. దేవుడి పని దేవుడిది, బ్రేకు పని మనది అనేది.

అయితే ఆమె వ్యక్తిత్వం సంపూర్ణంగా ప్రకాశించిన ఘట్టం వేరు. మా నాయన ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆయన అంబాసిడరు పుత్తూరు దారిలో చింతచెట్టుకు గుద్దుకుంది. వంగిన కింది చట్రాన్ని పైపైన సరిచేయించి, నిగనిగలాడే రంగు వేయించి, అమ్మకానికి పెట్టాడు. బావి ఎండి చెరకు మాడిపోతున్న రోజులవి. కారు అమ్మితే గాని బోరు వేయించే దారి లేదు. నగరి నుండి నేతబట్టల వ్యాపారి మునిరత్నం బేరానికి వచ్చాడు. మా వైపు మాట మీద అనుమానం వస్తే కాణిపాకం వెళ్లి వినాయకుడి ఎదుట ప్రమాణం చేయడం వాడుక. మునిరత్నం మాత్రం, "కాణిపాకం దాకా ఎందుకన్నా? బాగుండాదని అక్క ఒక్క మాటంటే సాలు" అన్నాడు.

నాయన అంతకుముందే అత్త చేతులు పట్టుకుని, ఈ ఒక్కసారికి ఊరుకోమని బతిమాలుకున్నాడు. బండి తన గుమ్మం ముందుకు రాగానే ఆమె గోనెపట్ట పరచుకుని కారు కింద దూరింది. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ తమ్ముడి ముఖం కేసి చూసింది.

"బాగలేదు మునిరత్నం. చట్రం వంగినాది. ముందు టైరు సూడు, ఒక పక్కే అరిగినాది. దీంట్లో నీ పిల్లోళ్లు పోతాంటే నాకు నిద్ర పట్టదు. సరిగ్గా సేయించినాక కొనుక్కో."

నాయన మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. అత్త దగ్గరుండి చట్రం బాగు చేయించి, తలుపు మూసి విని, "ఇప్పుడు బాగుండాది" అన్న తరువాతే మునిరత్నం ఆ కారు తీసుకున్నాడు. అప్పటికి ఆలస్యమైంది. ఆ ఏటి చెరకు పోయింది. నాయన చాలాకాలం అక్క గడప తొక్కలేదు, ఆ కారు ఊళ్లో కనిపిస్తే ముఖం తిప్పుకునేవాడు. అత్త ఆ రోజుల్లో ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. అయినా తానన్న మాట తప్పని ఏనాడూ అనలేదు.

మళ్లీ పంటలు పండి, ఇంకో పాత కారు కొనబోతూ నాయన అమ్మేవాడితో, "మా అక్క సూడాల" అన్నాడు. ఆ బండితో అత్త గుమ్మం ముందు ఆగి హారను కొట్టాడు. ఆమె గోనెపట్ట తీసుకుని బయటికి వచ్చింది. పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. అక్కాతమ్ముళ్ల పంతం ఆ కారు కిందనే తీరిపోయింది.

తరువాత ఒకనాడు ఎవరో పత్రికలో వచ్చిన బ్యాటరీ కారు బొమ్మ తెచ్చి చూపారు. వసారాలో ఉన్న మగవాళ్లంతా ఒకటే నవ్వు. వీధి దీపమే వెలగని ఊళ్లో కరెంటు కారా అని. ఇంజను చప్పుడే సంగీతమని మురిసే అత్త అందరికంటే ఎక్కువ వెక్కిరిస్తుందనుకున్నాను. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "పొగ లేదు, నీళ్లు కాగే పని లేదు. వొద్దని ఎవురంటారు? బ్యాటరీ బరువు తగ్గిందంటే వస్తాది సూడండి. వచ్చినా, దెబ్బ తగిలిందానికి రంగేసి అమ్మేవాళ్లు ఉంటారు. ఆ పొద్దు గూడా నిజం సెప్పేవాళ్లు కావాల." అక్కడే కూర్చున్న నాయన తల దించుకున్నాడు. "అది మాత్రం నిజమే" అని మెల్లగా అన్నాడు.

ఆమె వెళ్లిపోయింది. యంత్రం లోపల దాగిన దోషాన్ని పసిగట్టగల వారు ఇంకా పుడతారు. సొంత తమ్ముడి ఎదుట దాన్ని బయటపెట్టగల ధీరత్వం మా వంశంలో మరొకరికి అబ్బుతుందా? ఆ లోటు తీరేది కాదు. ఆ నిర్మలాత్మకు శతసహస్ర వందనాలు.

అస్థికలు శ్రీకాళహస్తిలో స్వర్ణముఖిలో కలపాలి. ఏ బండిలో పోవాలా అని అందరూ తర్జనభర్జన పడుతుంటే, మునిరత్నం తన అంబాసిడరు తెచ్చి ఇంటి ముందు నిలిపాడు. అదే కారు. నాయన ఏమంటాడోనని మాకు భయం. ఆయన అస్థికల కలశాన్ని ఒడిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. మామయ్యా నేనూ వెనుక కూర్చున్నాం. దారి పొడుగునా ఆ బండి ఒక్క కుదుపు లేకుండా నడిచింది.

ఏటి ఒడ్డున నాయన కలశంతో దిగాడు. తలుపును మెల్లగా మూసి, అత్త లాగే చెవియొగ్గి విన్నాడు.

"బాగుండాదక్కా" అన్నాడు. ఆ తరువాత ఆయన ఏడుపును ఆపడం మాకెవరికీ చేతకాలేదు.