బావ పేరున వచ్చిన ఉత్తరం

మా ఇంట్లో ఏ కాగితం వచ్చినా ముందు నా చేతిలో పడాల్సిందే. వరంగల్‌లో ఒక సర్కారు ఆఫీసులో ఏళ్ల తరబడి వచ్చిన ఉత్తరాలు తీసుకుని రిజిస్టర్‌లో ఎక్కించే పని చేసి రిటైరయ్యాను. కవరు చింపకముందే లోపల ఏముందో చెప్పగలనన్న పొగరు ఆ కుర్చీలోనే పట్టుకుంది నాకు. పంపినవాళ్ల చిరునామా ఉందా, ముద్ర ఏ ఊరిది, పేరు చేత్తో రాశారా మిషన్‌తో కొట్టారా, అంతే చూసేదాన్ని. మా వాడకట్టులో ఎవరికి లాటరీ తగిలిందని ఉత్తరం వచ్చినా నా గుమ్మంలోకే తెచ్చేవాళ్లు. నేను తేల్చేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక శనివారం మా అక్క డోర్నకల్ నుంచి పొద్దున పాసింజర్‌కు దిగింది. మంచినీళ్లు కూడా తాగకుండా సంచిలోంచి ఒక కవరు తీసింది.

"జర చూడే చెల్లె. ఇది నిజమో కాదో చెప్పు."

నిగనిగలాడే కాగితం. సముద్రం బొమ్మ, దాని ముందు చేతులు పట్టుకుని నవ్వుతున్న జంట. గోవాలో మూడు పగళ్లు, రెండు రాత్రులు, ఇద్దరికి, పైసా ఖర్చు లేకుండా. మరుసటి ఆదివారం పదకొండు గంటలకు హనుమకొండలో ఒక హోటల్‌కు వచ్చి బహుమతి తీసుకోవాలట. కవరు మీద మా బావ పేరుంది. బావ పోయి అప్పటికి మూడేళ్లు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవాల్సింది, ఆపుకోలేదు.

"గిదేందక్కా, సమాధిల ఉన్న మనిషికి గోవా టికెట్ పంపుతాండ్లు. ఇంతకన్న పెద్ద రుజువేం గావాలె?"

అక్క నవ్వలేదు. నేను మాత్రం ఊపు మీదున్నాను. కళ్లజోడు పెట్టుకుని ఆఫీసులో కొత్త గుమాస్తాకు చెప్పినట్టు చెప్పాను. "పంపినోళ్ల అడ్రసు లేదు, ఉత్త ఫోన్ నంబరుంది. రెండు రోజుల్ల ఫోన్ చెయ్యకుంటే బహుమతి పోతదట. గోవాకు ఎన్నడు పోవాల్నో తారీఖు మాత్రం లేదు. నిన్ను కూసోబెట్టి గంటలకొద్ది మాట్లాడి, దేనికో ఒకదానికి సంతకం పెట్టించుకుంటరు."

"రైల్వేవోళ్లు గూడ ఉత్తగనే ఇచ్చేటోళ్లు గదనే" అంది అక్క నెమ్మదిగా.

అక్కడే ఉంది అసలు సంగతి. బావ రైల్వేలో గ్యాంగ్‌మన్. ఏటా ఉచిత పాసు వచ్చేది, భార్యాభర్తలిద్దరికీ. ఉచిత ప్రయాణమంటే మాబోటి వాళ్లకు అనుమానం, అక్కకు మాత్రం అది ఏడాదికోసారి ఇంటికొచ్చే మామూలు కాగితం. ప్రతిసారీ సముద్రం చూడ్డానికి పోదామనుకునేవాళ్లు. ఒక ఏడు అక్క అత్తకు పక్షవాతం, ఒక ఏడు బావకు సెలవు దొరకలేదు. పాసు గడువు తీరిపోయేది. రోజూ పట్టాల వెంట మైళ్లు నడిచిన మనిషి రైలెక్కి ఖమ్మం దాటింది లేదు. ఆయన పోయాక అక్క మళ్లీ పాసు కోసం ఆఫీసు మొహం చూడలేదు.

"అది బావ కష్టానికిచ్చిందక్కా. ఉత్తగ ఎవ్వలియ్యరు" అన్నాను. అక్క కాగితాన్ని పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ విషయం అంతటితో ముగిసిందనుకున్నాను.

వారం తర్వాత ఆదివారం మధ్యాహ్నం నేను అన్నం వార్చుతుంటే తలుపు చప్పుడైంది. అక్క. క్రిస్మస్‌కు మాత్రమే కట్టే నెమలికంఠం రంగు చీరలో ఉంది. జ్వరం వచ్చినా చర్చి మానని మనిషి ఆ రోజు ఆరాధన మానేసి హనుమకొండ పోయొచ్చింది. నాకు కోపం నషాళానికెక్కింది.

"సంతకం పెట్టినవా? దేని మీదన్న పెట్టినవా?"

"లేదే. లోపలికే రానియ్యలే."

కుర్చీలో కూర్చుని చెప్పింది. తలుపు దగ్గర ఒక పిల్ల లిస్టులో బావ పేరు చూసి, సార్ ఎక్కడ ఆంటీ అని అడిగిందట. సార్ లేడు బిడ్డా, పోయిండు అని చెప్పిందట అక్క. ఆ పిల్ల లోపలికి పోయి ఎవరినో అడిగి వచ్చి, భార్యాభర్తలు కలిసి వస్తేనే ఇస్తాం ఆంటీ అన్నదట. అయినా అక్క కాసేపు అక్కడే నిలబడింది. అద్దాల్లోంచి చూస్తే జంటలు జంటలుగా కూర్చుని టీ తాగుతున్నారట.

"మోసం చేసేటోళ్లకు గూడ నేను పనికిరాలేదే చెల్లె" అంది. అప్పుడు ఏడ్చింది. బావ పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు.

"అసలు బావ పేరు వాళ్లకెట్ల దొరికింది?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నేనే రాసిన."

ఎండాకాలంలో మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం ఎగ్జిబిషన్‌కు పోయాం. నేను మిర్చి బజ్జీల కోసం నిలబడ్డప్పుడు ఎవరో కూపన్ చేతికిచ్చి పేరు రాయమన్నారట. పెళ్లయినప్పటి నుంచి రేషన్ కార్డయినా, గ్యాస్ అయినా, చర్చి చందా అయినా అక్క రాసేది బావ పేరే. చెయ్యి దానంతటదే రాసింది. నేను పెద్ద రుజువని నవ్వింది అక్క తన చేత్తో రాసిచ్చిన పేరును చూసే. ఆ ముక్క ఆమె ఆ శనివారమే చెప్పి ఉండొచ్చు. నేను చెప్పనిస్తే కదా.

సిగ్గుతోనో జాలితోనో తెలియదు, అక్క చేయి పట్టుకున్నాను. "మనిద్దరం పోదామక్కా. నేను తీసుకపోత సముద్రానికి."

"నిజంగనా?"

"నేనెప్పుడన్న అబద్ధం చెప్పిన్నా?"

ముఖం తుడుచుకుని అన్నం తిన్నది. రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నది.

ఆ ఏడు ఆఫీసులో ఆడిట్ పడింది. తర్వాత నా మోకాలి నొప్పి. ఆ తర్వాత చెప్పుకోదగ్గ కారణం కూడా ఏమీ లేదు, ఊరికే రోజులు గడిచాయి. అక్క ఫోన్‌లో రెండు మూడుసార్లు అడిగింది, ఎన్నడు పోదామే అని. "జల్దీనే పోదామక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాను. తర్వాత అడగడం మానేసింది. మరుసటి వానాకాలంలో జ్వరమని దవాఖానాలో చేరి నాలుగో రోజు పోయింది.

డోర్నకల్‌లో బావ పక్కనే పెట్టాం. అక్క ఇంటికొచ్చాక, చర్చిలో ఆమె పక్కన కూర్చునే ఒక పెద్దావిడ టీ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, పక్కన కూర్చుంది.

"నువ్వేనా అమ్మా చెల్లెవు? సముద్రం చూసొచ్చిండ్లా మరి? నేను కొడుకు కాడికి పోకముందు ప్రతి ఆదివారం చెప్పేది. మా చెల్లె అంటే అన్నట్టే, తీసుకపోతది అనేది. ఇసుకల నడవనీకి చెప్పులు గూడ కొన్నది."

చెప్పులు మంచం కింద అట్టపెట్టెలోనే ఉన్నాయి. నేనే చూశాను పొద్దున, ఎవరివో అనుకున్నాను.

"లేదమ్మా, పోలేదు" అన్నాను.

ఆవిడ కాసేపు నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుని లేచిపోయింది.

ఇప్పటికీ వాడకట్టులో వాళ్లు ఉత్తరాలు తెస్తుంటారు. చూసి చెబుతూనే ఉన్నాను. ఎన్నడు పోవాలో తారీఖు లేదు కాబట్టి ఆ కాగితం అబద్ధమని అక్కకు చెప్పింది నేనే. నా మాటకూ తారీఖు లేదు. ఆ కాగితాన్ని నమ్మొద్దని చెప్పడానికి అక్కకు నేనున్నాను. నన్ను నమ్మొద్దని చెప్పడానికి ఎవరూ లేరు.