మస్తాన్ మామకు నేను ఇవ్వలేకపోయిన టిప్పు

నిన్న పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ మోగింది. ప్రొద్దుటూరు నుంచి మస్తాన్ మామ కూతురు.

"నాయన పోయినాడు. సాయంత్రం మట్టి. మీరు రావాల."

అంతే. ఫోన్ పెట్టేసింది. కాఫీ అట్లే చల్లారిపోయింది.

తొంభై దగ్గరపడిన మనిషి. తెలుసు. అయినా షాకే. మొన్న శుక్రవారమే ఫోన్ చేసి, నా మోకాళ్ల నొప్పులకు డాక్టర్ దగ్గరికి పోలేదని నన్ను పావుగంట తిట్టాడు.

పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా బస్సులో పోయి వచ్చాను. ఎనభై అయిదేళ్లకు ఇంకా ఎన్ని చావులకు పోవాలబ్బా. నిజంగా అలసిపోయాను.

వాట్సాప్ గ్రూపులో అందరి మాదిరి చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుందామంటే మనసొప్పలేదు. నేను చెబుతుంటే మనవరాలు టైప్ చేస్తోంది. తప్పులుంటే దాన్నే తిట్టండి.

మామ అంటే చుట్టరికం కాదు. ప్రొద్దుటూరులో మాది ఒకే వీధి. మాకు బట్టల అంగడి. వాళ్ల నాయన పరుపులు కుట్టేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో మా అంగడి మూతపడింది. అప్పటికే మామ కువైట్‌లో ఒక హోటల్లో సర్వర్. ఒక గోడౌన్‌లో గుమాస్తా పని ఉంది, వచ్చేయమని నాకు జాబు రాశాడు. బొంబాయిలో ఓడ ఎక్కి పోయాను. అప్పటికి నాకు మీసం కూడా సరిగా రాలేదు.

రోజూ మధ్యాహ్నం మామ హోటల్లోనే భోజనం. నేను మాంసం ముట్టనని వేరే గిన్నెలో పప్పు చేయించేవాడు. ఊరి నుంచి తెచ్చుకున్న చెనక్కాయల పొడి నా ప్లేటులో వేసి, తను మాత్రం నాలుక్కి రాసుకునేవాడు కాదు.

మొదటి రోజు చూశాను. తిన్నవాళ్లంతా లేచేటప్పుడు ప్లేటు కింద చిల్లర పెట్టి పోతున్నారు. అక్కడ కూడా అప్పుడు రూపాయలు, అణాలే నడిచేవి.

"నేనూ పెట్టాల్నా మామా? ఎంత పెట్టాల?"

"తిక్క పట్టిందా నీకు? ఇంట్లో అన్నం తిని మీయమ్మకు దుడ్లిస్తాండావా? నోరు మూసుకోని తిని పో."

నాకూ అదే సబబనిపించింది. అన్నం పెట్టిన మామ చేతిలో చిల్లర పెడితే మన పక్క ముష్టి వేసినట్టే గదా.

పది నెలలు తిన్నాను. బిల్లు కట్టాను. ఒక్క అణా టిప్పు పెట్టలేదు. పైగా మామ మర్యాద కాపాడుతున్నానని లోపల గొప్ప.

ఊరికి బయల్దేరిన రోజు మామతో పాటు ఆ హోటల్ వంటాయన కూడా రేవు దాకా వచ్చాడు. మలబారు మనిషి. మామ నా ట్రంకు పెట్టె మోసుకుంటూ వెనకపడ్డాడు. అప్పుడు వంటాయన వచ్చీరాని హిందీలో అసలు సంగతి చెప్పాడు.

ఆ హోటల్లో సర్వర్లకు జీతం పేరుకే. టిప్పులన్నీ ఒక రేకు డబ్బాలో వేసి, వారానికోసారి అందరూ పంచుకోవాలి. రోజూ నేను తినే టేబుల్ నుంచి ఏమీ పడటం లేదు. మస్తాన్ జేబులో వేసుకుంటున్నాడని హెడ్ సర్వర్ అందరి ముందరా దొంగ అన్నాడంట.

మర్నాటి నుంచి మామ నా టేబుల్ టిప్పని చెప్పి రోజూ రెండణాలు సొంత దుడ్లు డబ్బాలో వేశాడంట.

వెనక్కి పోయి ఆయన దారికి అడ్డం నిలబడ్డాను.

"ఎందుకు చెప్పలేదు మామా?"

"చెప్తే నువ్వు తినేదానికి వస్తావా? జీతమంతా ఇంటికి పంపిస్తాండావు, నాకు తెలీదా? పస్తులుంటావని చెప్పలే."

"నిన్ను దొంగ అన్నారు గదా!"

"అంటే అన్నార్లే. నేను కాదని నాకు తెలుసు గదప్పా."

జేబులో ఉన్నదంతా తీసి ఇవ్వబోయాను. చెయ్యి విదిలించేశాడు. "పోరా, ఓడ పోతాది."

తర్వాత ఆయనా తిరిగొచ్చి ప్రొద్దుటూరులో టీ అంగడి పెట్టాడు. నేను జమ్మలమడుగులో పని చేసినన్నాళ్లు ఏదో ఒక సాకుతో అక్కడికి పోయేవాణ్ణి. టీ తాగి గ్లాసు కింద నోటు పెట్టి జారుకుంటే, భుజాన గుడ్డతో నడిరోడ్డున పరిగెత్తి వచ్చి దాన్ని నా జేబులో తోసేవాడు.

"ఈడ గూడా మొదలుపెట్టినావా? సిగ్గు లేదా నీకు?" వీధంతా వినబడేది.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తీసుకుని ఉంటే నా గుండె బరువు దిగేది. మొండి మనిషి. తీసుకోలేదు.

పోయినేడు మనవడు దుబాయ్ టూర్‌కు పోతూ, "టిప్ ఎంత ఇవ్వాల తాతా? టెన్ పర్సెంటా?" అని అడిగాడు. పర్సెంట్లు నాకు తెలీవురా అన్నాను. అది ఎవరి చేతికి పోతుందో ముందు అడుగు. నువ్వు పెట్టకపోతే ఎవరు మాట పడతారో అది కూడా అడుగు. వాడు సరే సరే అని ఫోన్ చూసుకున్నాడు.

నేను ఈనాటికీ సర్వర్‌కు చేతిలోనే పెడతాను, కాస్త ఎక్కువే. ఇంట్లో వాళ్లు కసురుకుంటారు. కసురుకోనీ. వాళ్లెవరూ నా టేబుల్‌కు వడ్డించలేదు.

నిన్న సాయంత్రం మామ కొడుకు నా చెయ్యి పట్టుకుని గుంత దగ్గరికి తీసుకుపోయాడు. అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ల మన్ను వేశాను. వంగితే లేవలేకపోయాను. ఇద్దరు పట్టి లేపారు. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

అరవై ఏళ్లు ఏమిచ్చినా తిరిగి నా జేబులోనే తోసినావు మామా.

నిన్న ఆ మూడు పిడికిళ్లు మాత్రం తిరిగి ఇయ్యలేకపోయినావు.

పోయిరా. ఆడన్నా నువ్వు కుచ్చోని తిను, ఇంకెవరన్నా వడ్డిస్తార్లే. నిమ్మళంగా ఉండు మామా.