మైకు సెట్టు కోటేశుకి గుమాస్తా ఎందుకంటే

నిన్న పొద్దున ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ మోగింది. రేపల్లె నుంచి కోటేశు కూతురు.

"పెదనాన్నా, నాన్న లేవట్లేదు" అంది.

ఆ తర్వాత ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఇడ్లీ ప్లేట్లోనే ఉండిపోయింది.

రాత్రి పెరుగన్నం తిని, టీవీ ఆపి పడుకున్నాడట. అంతే. మంచం పట్టలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు.

షాక్ తగ్గాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కుళ్లు. పోవడంలో కూడా నాకంటే నీటుగా పోయాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అరవైల్లో మేమిద్దరం తెనాలిలో ఒకే మేస్త్రి దగ్గర మైకు సెట్టు పని నేర్చుకున్నాం. నేను తెనాలిలో షాపు పెట్టాను, వాడు రేపల్లెలో. ఇద్దరికీ ఒకే రకం ఆంప్లిఫయరు, ఒకే రకం బూరలు. పెళ్లిళ్లు, నాటకాలు, ఎలక్షన్ మీటింగులు. నిజానికి నా మైకే బాగా మోగేది. పోయినవాడి మీద ఇప్పుడు ఈ మాటెందుకంటారు. ఉన్నప్పుడు కూడా అన్నాను.

షాపు పెట్టిన కొత్తలోనే వాడు గుమాస్తాని పెట్టుకున్నాడు.

శేషయ్య గారని, బాపట్ల రైసు మిల్లులో లెక్కలు రాసి మానేసిన పెద్దాయన. చేతిలో గొడుగు, మొహం మీద చిరాకు. బస్సు పడక రైల్లోనే వచ్చేవారు. తెనాలిలో దిగి రేపల్లె బండి మారేవారు.

బజారంతా నవ్వింది. "ఉన్నవి రెండు బూరలు, వాటికో గుమాస్తా. బోడిగుండుకి దువ్వెన" అన్నది నేనే.

నేను ఐదో క్లాసుతో ఆపినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. పకోడీలు కట్టిచ్చిన కాగితాలు చదివి ఇంగ్లీషు కూడా కొంత పట్టాను, అదలా ఉంచండి. నా పద్దు నేనే రాసుకునేవాణ్ణి, నాకు రావాల్సింది నేనే అడిగేవాణ్ణి.

అక్కడే దెబ్బతిన్నాను.

మా వైపు అప్పట్లో ఒక పద్ధతి. మైకు పెట్టినవాడికి పెళ్లినాడు డబ్బివ్వరు. "కోతలయ్యాక కనపడు" అంటారు. కనపడి అడిగితే మొహమాటం లేనివాడు. అడగకపోతే మంచివాడే, కానీ పస్తులుంటాడు.

భట్టిప్రోలులో ఒక పెద్ద రైతు ఉండేవాడు. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లికి మైకు నాది. కోతలయ్యాక నేనే వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చాడు. అడిగాను. ఇచ్చాడు. ఇస్తూ, "ఏంటబ్బాయ్, మేమేమన్నా ఊరొదిలి పోతన్నామా" అన్నాడు.

రెండో అమ్మాయి పెళ్లికి కోటేశుని పిలిచాడు.

ఈసారి కోతలయ్యాక వెళ్లింది శేషయ్య గారు. గొడుగు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. మజ్జిగ వద్దన్నారు. డబ్బు చేతికొచ్చేదాకా లేవలేదు. రైతు ఇచ్చాడు, నోటికొచ్చిన తిట్లన్నీ కలిపి ఇచ్చాడు.

మర్నాడు కోటేశు వెళ్లాడు. ఆ ఊళ్లోనే వేరే పని మీదున్న నన్ను కూడా వెంటేసుకున్నాడు.

"బాబాయ్ గారూ, మా శేషయ్య గారు మిమ్మల్నేమన్నా అన్నారా అండి?"

"అనడం ఏంట్రా. కదిల్తేగా ఆయన."

"ఆయనంతేనండి. నేను చెప్పినా వినరు. రోజూ నన్నే తిడతారు."

"నువ్వు బంగారంరా అబ్బాయ్. ఆ ముసలాయన్తో ఎట్టా పడతన్నావో ఏంటో" అని జాలిపడి, లోపలికి తిరిగి, "ఏమే, కోటేశుకి కాసిని మినుములు పోసివ్వు" అన్నాడు.

నన్ను చూసి, "మజ్జిగ తాగుతావా" అన్నాడు.

రేపల్లె వెళ్లాక కోటేశు ఆ మినుముల్లో సగం శేషయ్య గారి సంచిలో పోశాడు. ఇద్దరూ నవ్వుకోలేదు కూడా. అదేదో రోజువారీ పనన్నట్టు.

ఆ ఇంట్లో మూడో పెళ్లికీ కోటేశే. పందిరి పెద్దదని నా సెట్టు కూడా సాయం తెమ్మన్నాడు, వెళ్లాను. మైకు వాళ్లకి విస్తరి మైకు దగ్గరికే పంపడం ఆనవాయితీ. నాకు పంపారు. కోటేశుని మాత్రం పెళ్లికూతురి తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, పంక్తిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

డబ్బు కాదండీ. ఆ చోటు. ఆంప్లిఫయరు పక్కన పప్పన్నం కలుపుకుంటూ నేను చూసిన ఆ చోటు.

ఆ వారమే తెనాలి ప్లాట్‌ఫారం మీద శేషయ్య గారిని పట్టుకున్నాను. "దారిలోనే కదండీ, నా దగ్గర కూడా చెయ్యండి" అన్నాను.

"నీకు లెక్కలొచ్చుగా?"

"కోటేశుకీ వచ్చుగా అండి."

"వాడు నాకు జీతమిచ్చేది లెక్కలకి కాదబ్బాయ్, తిట్లకి. ఒక ఊరి తిట్లే అరగట్లేదు, రెండో ఊరివి నావల్ల కాదు" అని బండెక్కారు.

మొన్న మా మనవడు సొంతంగా వీడియో ఎడిటింగ్ పెట్టుకుని, "తాతయ్యా, యాప్ ఉందిగా, అకౌంటెంట్ ఎందుకు" అన్నాడు. పెట్టుకోరా అన్నాను. యాప్ కూడికలు చేస్తుంది. నీ బదులు చెడ్డపేరు మొయ్యదు.

నిన్న మధ్యాహ్నానికి రేపల్లె చేరాను. వీధి పొడుగునా కుర్చీలు. భట్టిప్రోలు నుంచి, నిజాంపట్నం నుంచి జనం. అందరిదీ ఒకటే మాట: "ఏనాడూ నోరు తెరిచి అడిగిన మనిషి కాదండి."

అడగడానికి వేరే మనిషిని పెట్టుకున్నాడండీ. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

రేపు నా ఇంటి ముందు ఎన్ని కుర్చీలు పడతాయో అక్కడే నిలబడి లెక్కేసుకున్నాను. నా లెక్క నేనే కదా వేసుకోవాలి.

కోటేశూ, హాయిగా పడుకో నాయనా.

ఈపాటికి అక్కడ నీకు పంక్తిలో చోటు ఇచ్చే ఉంటారు. పక్క విస్తరి నాకు ఉంచు. తొందరేం లేదు.

ఎవరైనా కుదరదంటే నువ్వు నోరెత్తకు. శేషయ్య గారిని పంపు.